అంచు నుంచి మెడకెక్కిన లేసు

ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్న రోజులవి. మూడో తరగతి చదివే మనవరాలికి బడిలో పిక్చర్ డే వస్తోంది. ఆ రోజు పిల్లలందరికీ విడివిడిగా ఫొటోలు తీసి, ఏడాది చివర ఇయర్‌బుక్‌లో అచ్చువేస్తారు. కిందటేడు మనవరాలు వేసుకెళ్లిన గౌన్లాంటిదే ఇంకో ఇద్దరు వేసుకొచ్చారు. ముగ్గురి ఫొటోలూ ఒకే వరసలో పడ్డాయి. ఈసారి తన గౌను ఇంకెవరికీ ఉండకూడదని పిల్ల పట్టుబట్టింది.

మా ఆవిడది నరసాపురం పక్క పల్లె. అక్కడి ఆడపిల్లలకు లేసు అల్లడం ఒకరు కూర్చోబెట్టి నేర్పే పని కాదు, చూస్తూంటే వచ్చేస్తుంది. ఏ హంగూ లేని తెల్ల నూలు గౌను ఒకటి కొనిపించి, దీనికి తను లేసు వేస్తానంది. ఊరి నుంచి తెచ్చుకున్న దారపు ఉండ ఒక్కటే ఉంది. మూడు వారాలు మధ్యాహ్నం పూట కిటికీ పక్కన కూర్చుని, కొక్కెం సూదితో ఐదు రేకుల పువ్వులు ఒకదాని వెనక ఒకటి అల్లింది. లేసు ఎక్కడ వెయ్యాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. వాళ్ల వైపు గౌనుకి లేసంటే కింది అంచుకే. అంచు చుట్టూ సరిపోయేసరికి దారమూ అయిపోయింది.

ఫొటోకి ముందు రోజు సాయంత్రం పిల్లకు గౌను తొడిగాం. గిర్రున తిరిగింది. అంచు గొడుగులా విచ్చుకుంది. తర్వాత అద్దం ముందు ఆగి, అరచేతిని గుండెలకు అడ్డంగా పెట్టుకుంది.

"అమ్మమ్మా, ఫొటో ఇక్కడిదాకే వస్తుంది. లేస్ కనపడదు."

వంటింట్లోంచి మా అమ్మాయి అవునంది. షోల్డర్స్ వరకే తీస్తారని మాకు తెలుసనుకుందట.

మా ఆవిడ నా వైపు తిరిగింది. "ముప్పై ఏళ్లు పేపర్లో జనాల ఫొటోలు మెడ కిందికి కత్తిరించారు కదండీ. ఒక్క మాట అడగాలని తోచలేదా?"

తోచలేదు. డెస్కుకి ఎన్ని నిలువెత్తు ఫొటోలొచ్చినా తల ఉంచి మిగతాది తీసేసినవాణ్ణి. పిల్ల ఏడవలేదు గానీ, అద్దంలో బోసి మెడనే చూసుకుంటూ నిలబడింది.

ఉన్న లేసులోంచి ముక్క కోసి మెడకు కుట్టమన్నాను. మా ఆవిడ జాలిగా చూసింది. కత్తెర పడితే తెగినచోటి నుంచి అల్లిక విడిపోతుందట. అలా కాకుండా, ముగించిన కొసన ముడి విప్పి లాగితే పువ్వు తర్వాత పువ్వు ఊడి మళ్లీ దారమవుతుంది; మెడకు సరిపడా లేసు మిగలగానే ఆపి ముడేస్తే చాలు. చోటు చాలని వార్తను మేం తోక నుంచి కోసినట్టే.

నేను అంచు కుట్లు విప్పాను. పిల్ల దారం కొస పట్టుకుని వీధి తలుపు దాకా పరుగెత్తింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పరుగెత్తింది. నవ్వులు మొదలయ్యాయి. మూడు వారాల పనిలో ముప్పాతిక భాగం, పొయ్యి మీద కాఫీ కాగేలోపు ఊడిపోయింది.

"ఇక చాలు, ఆగవే. మెడకు మిగల్చవా?" అంది మా ఆవిడ.

తిన్నని లేసు గుండ్రటి మెడకు అమరదు. లేసు పై అంచున ఉన్న గొలుసు కుట్లలో దారం ఎక్కించి, కొద్దిగా కుచ్చు లాగి, భోజనాల వేళకు కుట్టేసింది.

రెండు వారాల తర్వాత ఫొటో వచ్చింది. లేసంతా కనపడాలని పిల్ల గడ్డం పైకెత్తి కూర్చుంది. మా ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని పువ్వులు లెక్కపెట్టింది. ఎడమ చెవి కిందున్న పువ్వుకి నాలుగే రేకులు. అచ్చయ్యాక కనపడే తప్పు ఎలా గుచ్చుకుంటుందో నాకు తెలుసు. ఆవిడ ఫొటోని ఫ్రిజ్‌కి అంటిస్తూ, మాగ్నెట్‌ని సరిగ్గా ఆ పువ్వు మీద పెట్టింది.

పిల్ల మాగ్నెట్‌ని మూలకి జరిపింది. "అది కనపడాలి అమ్మమ్మా. ఫోర్ పెటల్స్ ఎవరికీ ఉండవు."