పొగగొట్టానికి పెట్టిన పిండి

మా వాళ్ళలో ఎవరింట్లో ఫంక్షన్ జరిగినా, భోజనాలయ్యాక ఎవరో ఒకరు నా భుజం తట్టి, "అన్నా, ఆ పొగగొట్టం ముచ్చట చెప్పవా" అంటారు. ఆ మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. నా భార్య చావు దాకా వెళ్ళి వచ్చిన మధ్యాహ్నం వీళ్ళకు గులాబ్ జామూన్ తిన్నాక కాలక్షేపం! కోపం సబబే. కానీ దాన్ని నవ్వులాటగా అల్లి ఇల్లిల్లూ తిప్పింది నేనే.

ఈ పరాయి దేశంలో మాది మౌంట్ రాస్కిల్ అనే పేటలో ఒక పాత చెక్క ఇల్లు. శాండ్రింగ్‌హామ్‌లో చిన్న కేటరింగ్ నడుపుతాను, నా దమ్ బిర్యానీకి కాస్త పేరుంది. చలికాలం వస్తే ఇంటి గోడలు చెమ్మగిల్లి నా భార్యకు ఆయాసం పట్టుకుంటుంది. ఆమె కోసమే కట్టెల పొయ్యి పెట్టించాను. మా ఇటుకల చిమ్నీ లోపలంతా పగుళ్ళు. అందుకని పైనుంచి దాంట్లోకి ఒక స్టీలు గొట్టం దింపారు, దాన్ని లైనర్ అంటారు. పొయ్యి మీంచి లేచే గొట్టం దానికంటే సన్నం. రెండింటినీ కలిపే రింగు ఒకటి ఉంటుంది, అది మాత్రం ఇంకా రాలేదు. "రింగు బిగించి, కౌన్సిల్ వాళ్ళు చూసి వెళ్ళేదాకా పొయ్యి వెలిగించొద్దు" అని పని చేసినతను గట్టిగా చెప్పి వెళ్ళాడు. వారాలు గడిచాయి. ఈ దేశంలో చిన్న ఇనపముక్క కోసం కూడా చలికాలమంతా కాచుకోవాలా అని రోజూ తిట్టుకునేవాణ్ణి.

ఒక ఆదివారం వానలో బామ్మర్ది వచ్చాడు.

"ఏంది బావా, పొయ్యి ఉన్నది, గొట్టమున్నది, అక్క మాత్రం స్వెటర్ మీద స్వెటర్ ఏసుకొని కూసున్నది?"

"రింగు రాలేదురా. ఆగమన్నరు."

"నువ్వు ఆగుతవా? పెళ్ళిళ్ళకు వండేటోనివి, వేలెడు సందు మూయ చేతగాదా? డేగ్చా మూతకు పిండి పెట్టుడు నీకు నేను నేర్పాల్నా?"

బావ, బామ్మర్ది అన్నాక పరాచికాలుంటాయి. అతను నవ్వి, టీ తాగి, వెళ్ళిపోయాడు. "వాని మాటలు పట్టుకోకు, రింగు రానీ" అంది నా భార్య. నేను వినలేదు. ఆమె చలికి వణుకుతుంటే చూడలేక చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఒక చిన్నవాడి వేళాకోళం ముందు తగ్గడం ఇష్టం లేక చేశాను.

మైదాపిండి దమ్‌కు కలిపినట్టే గట్టిగా కలిపాను. సన్నగొట్టాన్ని లైనర్‌లోకి దూర్చి, చుట్టూ మిగిలిన సందులో ఆ ముద్దను కూరాను. కట్టెలు అంటించాను. గది వెచ్చబడింది.

నలుగురిలో చెప్పేటప్పుడు ఇక్కడ కాస్త ఆగేవాణ్ణి. పిండి రొట్టెలా కాలి, బిగిసి, గొట్టం మీంచి ఊడి దభీమని పొయ్యి మీద పడటం చేతులతో చూపించేవాణ్ణి. "దమ్ ఫెయిలైంది, రొట్టె పాసైంది!" అని ముగించేవాణ్ణి. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. ఒక అంకుల్ అయితే ప్రతిసారీ కళ్ళు తుడుచుకుంటూ, "ఏం కాలేదు గదా, అదే చాలు" అనేవాడు.

ఏం కాలేదా?

ఆ ముద్ద ఊడకముందే, నా కంటికి కనపడని వెనకవైపు బీటలు వారింది. పొగ వాసన కొద్దిగానే వచ్చింది. అసలు విషం కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసనే ఉండదు. నా భార్య తల నొస్తుందని లేచి కిటికీ తెరిచింది. వేడంతా పోతుందని నేను మూశాను. కడుపులో తిప్పుతోందని మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూసి, ఈసారి గడియ పెట్టాను. రొట్టె పడ్డప్పుడు కలిసి నవ్వుకుందామని వెనక్కి తిరిగితే, ఆమె కిటికీ కింద నేల మీద పడి ఉంది. వానలో వరండాలోకి లాక్కెళ్ళాను. అంబులెన్స్ వచ్చింది. ఆక్సిజన్ మాస్కు కింద ఆమె పెదవులు కదులుతుంటే ఏమంటోందో అడిగే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చిన బామ్మర్ది ఏమైందని అడిగాడు. కిటికీ మాట ఎక్కడ వస్తుందోనని రొట్టె సంగతి చెప్పాను. అక్క బతికిందన్న ఊరటతో అతను నవ్వాడు. ఆ నవ్వు చాటున దాక్కోవడం ఎంత సుఖమో ఆ రోజే తెలిసింది. తర్వాత అదే అలవాటైంది. రింగు వచ్చింది, బిగించారు, తనిఖీ అయింది, పొయ్యి చక్కగా మండుతోంది. నా భార్య మాత్రం మెల్లమెల్లగా ఫంక్షన్లకు రావడం మానేసింది. ఎవరైనా అడిగితే, "తనకు జనం పడదు" అనేవాణ్ణి. అలా అనడానికి నాకు నోరెలా వచ్చింది!

మొన్న బోటనీ డౌన్స్‌లో బామ్మర్ది కొడుకు పుట్టినరోజు. మేనత్త కాబట్టి నా భార్య తప్పక వచ్చింది. భోజనాలయ్యాయి.

"బావా, షురూ చెయ్. కొత్తోళ్ళున్నరు" అన్నాడు బామ్మర్ది.

ఆమె ప్లేటు పక్కన పెట్టి బయటికి వెళ్ళబోయింది. నాలో ఏదో తెగింది. "షురూ చేస్తా, వినుండ్రి" అన్నాను. రొట్టె గురించి కాదు, కిటికీ గురించి చెప్పాను. ఎన్నిసార్లు తెరిచిందో, ఎన్నిసార్లు మూశానో, గడియ ఎవరు పెట్టారో చెప్పాను.

"ఇప్పుడెందుకు బావా గివన్నీ, పిల్లగాని బర్త్‌డే పూట" అని గొణిగాడు బామ్మర్ది.

"ఇన్నేండ్లు నవ్వుతుంటే సిగ్గనిపియ్యలేదారా మీకు? పడ్డది మీ అక్కరా!" అని అరిచాను. ఎవరో గబగబా కేకు ముక్కలు పంచడం మొదలుపెట్టారు.

ఇంటికి బయల్దేరాం. కారులో ఆమె అంది: "వాళ్ళ మీద ఎందుకు అరిచినవ్? వాళ్ళకు నవ్వు నేర్పింది నువ్వే."

"నిజం చెప్పిన గదా."

"కిటికీ వరకు చెప్పినవ్. తల నొస్తుందంటే నువ్వేమన్నవో చెప్పలే."

ఏమన్నానో నాకు గుర్తులేదు. అదే చెప్పాను.

"'మీ తమ్ముడు చేసి పెడితే నీ తల నొయ్యకపోతుండె' అన్నవ్, కిటికీ మూసుకుంట." ఆమె రోడ్డు వైపే చూస్తోంది. "ఊరందరికీ చెప్పినవ్. నాకెప్పుడన్న చెప్పినవా?"

చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా.

కారు పక్కకు తీసి ఆపాను. ఏదైనా తమాషాగా మొదలుపెట్టడం నా నోటికి అలవాటు. దాన్ని మింగేశాను. పిండి కలిపిన దగ్గరి నుంచి కాకుండా, రింగు రానీ అని ఆమె వద్దన్న దగ్గరి నుంచి ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను.