ఆవిరిగొట్టానికి బిరడా

శ్రీరస్తు. నీటికి పల్లపుదారిని, నిప్పుకు మీది దారిని నిర్ణయించి, రెండింటినీ మానవుని పెరటిలో కొలువుంచిన పరమేశ్వరునకు నమస్కారము. స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సర ఆశ్వయుజ బహుళ చతుర్దశి, సోమవారం ఉదయం కొత్తపేట దగ్గరి మా ఇంట జరిగినది వ్రాస్తున్నాను.

మా స్నానాలకు నీరు కాగేది తండ్రిగారు చేయించిన రాగి బాయిలరులో. మేడమీది ట్యాంకు నుండి చల్లనీరు దాని అడుగుకు దిగుతుంది. కాగిన నీరు పైనుండి స్నానాలగదికి పోతుంది. దాని నడినెత్తిన ఒక సన్నని గొట్టం, ట్యాంకుకన్న ఎత్తుగా, నోరు తెరచుకొని నిలిచి ఉంటుంది. లోపలి ఒత్తిడి మితిమీరితే ఆవిరి పోవలసిన దారి అదే.

మస్కట్‌లో చిరకాలం పనిచేసి వచ్చిన మా తమ్ముడికి ఆ పలుచని ధార రుచించలేదు. షవరు క్రింద నిలబడితే నీళ్ళు వీపును చరచాలన్నాడు. పండుగ ముందు ట్యాంకుకు, బాయిలరుకు నడుమ ప్రెషరు పంపు బిగించాడు. పంపు తిరగగానే నీరు ఆవిరిగొట్టం నుండి ఎగజిమ్మింది. అందుకతడు మా కొబ్బరిసీమవాడు చేసే పనే చేశాడు: కొబ్బరిమట్ట మొదలు చెక్కి, బిరడాగా గొట్టంలో సుత్తితో దిగగొట్టాడు. పొలం తూముకైనా, తొట్టి చిల్లికైనా మావాళ్ళకు తోచేది అదే. తడిసినకొద్దీ ఉబ్బి పట్టు బిగిస్తుంది. పంపులోని వాల్వు నీటిని వెనక్కు మళ్ళనివ్వదు. ఇక ఆవిరికి ఏ దారీ లేదు. ఒంటికి నువ్వులనూనె పట్టించుకొని పెరటిలోకి వచ్చి తల ఎత్తి చూసేదాకా ఈ సంగతి నేనెరుగను.

మరదలు బాయిలరు క్రింది పొయ్యికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిప్పు రాజేసి, పీట మీద కూర్చొని కొబ్బరిచిప్పలు ఎగదోస్తున్నది. బాయిలరు గుర్రుమంటున్నది. అతుకు దగ్గర రాగి పొట్టలా ఉబ్బి, సరిగ్గా ఆమె ముఖానికి ఎదురుగా ఉన్నది.

"లేమ్మా! లేచి ఇవతలికి రా! ఒరేయ్, నిప్పు లాగెయ్!"

తమ్ముడు అడ్డం వచ్చాడు. వాడి ఒంటినిండా నూనే. "పసుపు రాసి వెలిగించిన పొయ్యన్నయ్యా. పండగపూట ఎవరైనా ఆర్పుతారా? నీకు శ్లోకాలొచ్చుగానీ ఫిట్టింగులేం తెలుసు?"

"అది అరుస్తోందిరా!"

"నువ్వు రోజూ అరుస్తూనే ఉన్నావు కదా, ఎప్పుడైనా పేలేవా?"

మరదలు నవ్వింది. "ఆయ్, అయిపోయిందండీ బావగారూ. ఇంకో నాలుగు చిప్పలేస్తే మీ నీళ్ళు సిద్ధం."

నిప్పు లాగేందుకు నేనే ఇనుపకడ్డీ అందుకున్నాను. వాడు ఒడిసిపట్టాడు. చెంప అదిరేలా కొట్టాను. వాడు నా కంఠం పట్టాడు; నూనెకు పట్టు జారి, గోళ్ళు ఎదమీద నెత్తుటి చారలు దించాయి. మనుమలున్న ఇద్దరు వృద్ధులం ఆంబోతుల్లా కుమ్ముకున్నాం. వాడు నన్ను ఎత్తి కొబ్బరిడొక్కల పోగుమీద విసిరి, గుండెమీద మోకాలు మోపాడు. నేను వాడి చేతిని కరిచాను. నోట్లో నూనె, నెత్తురు.

"మీకు దణ్ణం పెడతానండీ, వదలండి! చంపేసేలా ఉన్నారు!" అంటూ మరదలు పీటమీదినుంచి పరుగున వచ్చి, భర్త జబ్బ పట్టుకుని లాగింది. వాడు ఆమెను విదిలించబోయాడు.

అప్పుడు బాయిలరు బద్దలైంది.

పిడుగు పెరటిలో పుట్టినట్లయింది. చీలిన రాగిరేకు పీటను రెండు ముక్కలు చేసి, ఎదుటి గోడలో దిగబడింది. సలసల మరిగే నీరు, బొగ్గులు, ఇటుకలు ఒక్కుమ్మడిగా మామీద విరుచుకుపడ్డాయి. తమ్ముడు వెనుదిరిగి భార్యను నామీదికి తోసి, మా ఇద్దరిమీదా బోర్లా పడ్డాడు. వాడి వీపు ఉడికిన వాసన నాకు తగిలింది. వాడు కేక వేశాడు. నోరు తెరచుకోవడం కనబడిందే గాని శబ్దం వినబడలేదు.

కార్తిక బహుళ పంచమి నాడు తమ్ముడు అమలాపురం ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చాడు. వీపున చర్మం ఇంకా పూర్తిగా పట్టలేదు, బోర్లానే పడుకుంటున్నాడు. మరదలికి ఎడమచెవి వినబడదు. ముఖానికి ఏమీ కాలేదు.