సుద్ద తడవని తాడు

మే నెల రెండో వారం, మధ్యాహ్నం రెండున్నరకి ట్రక్కు దిగాం. అరిజోనా దక్షిణపు కొస. ముళ్ళపొదలు, ఎర్ర గులకరాళ్ళు, పడమరన ఒక బోడి కొండ. మా గుడారాలకి నాలుగు వందల గజాల దూరంలో ఐదు తీగల కంచె, దాని అవతల మెక్సికో. ఎనభైల మొదట్లో అక్కడ సరిహద్దు అంటే అంతే, పశువులు దాటకుండా వేసింది.

మేం పదిమందిమి, అమెరికా సైన్యంలో బోర్లు వేసే దళం. వెనక శిక్షణకి రాబోయే బెటాలియన్‌కి నీళ్ళు సిద్ధం చేయాలి. రైఫిల్ ఇచ్చారు గానీ, ఐదు నెలలూ నేను మోసింది స్టీల్ టేపూ సుద్దముక్కా. ఇప్పుడు మేముండే ఊరు కమ్మింగ్‌లో పాట్‌లక్‌ విందుకి వెళ్తే మనవాళ్ళ పిల్లలు "అంకుల్, యాక్షన్ చూశారా?" అని అడుగుతారు. చూశాను. తుపాకీ పేలలేదంతే.

పొద్దున ఆరుకి, సాయంత్రం ఆరుకి నా డ్యూటీ. టేపు కొసకి సుద్ద రుద్ది బోరులోకి వదలాలి. నీళ్ళు తగిలినంత మేర సుద్ద రంగు మారుతుంది. అది చూసి నీటిమట్టం రాయాలి. మ్యాపు పనీ నాదే.

కొండ అంచు వెంబడి ఒక ఫాల్ట్ ఉంది. అంటే రాతిపొరలు పగిలి ఒకవైపు జారిన చోటు. పగులు మధ్యలో రాయి నలిగి బంకమట్టిలా అయింది, నీళ్ళు దాన్ని అడ్డంగా దాటలేవు. పక్కనున్న చితికిన రాతిలో మాత్రం దాని పొడవునా పైపులో పోయినట్టు పోతాయి. ఆ ఫాల్టును ఎర్ర పెన్సిలుతో మ్యాపు మీద గీసి సరిహద్దు దగ్గర ఆపేశాను. మా మ్యాపు అక్కడితో అయిపోయింది మరి. కిందంతా ఉత్త తెల్లకాగితం.

లెఫ్టినెంట్ చూశాడు. "ఫాల్ట్ బోర్డర్ దగ్గర ఎండ్ అయింది. బోర్ ఇక్కడే, కంచె పక్కనే వేయండి, అవతలివాళ్ళకి ప్రాబ్లమ్ ఉండదు."

ఫాల్టుకి రెండోవైపు ఇంకో చోటు చూసి పెట్టుకున్నాం. అక్కడ వేస్తే కంచె అవతలి నీళ్ళు మా బోరులోకి రాకుండా బంకమట్టి అడ్డుగా ఉండేది. నేను నోరెత్తలేదు. తలెత్తితే ఆ కొండ అంచు కంచె దాటి దక్షిణానికి పోవడం కనిపిస్తూనే ఉంది. వెధవని, కాగితాన్నే నమ్మాను.

మూడో రోజు నీళ్ళు పడ్డాయి. "జాక్‌పాట్, కార్పొరల్!" అని డ్రిల్లర్ సార్జెంటు నా వీపు చరిచాడు. ఆ రోజు నుంచి పంపు రాత్రింబవళ్ళు నడిచింది.

కంచె అవతల అరవై అడుగుల దూరంలో ఒక చేదబావి, ఒక ఇల్లు, ఇరవై మేకలు, ఒక ముసలామె. ఆమె చేదతాడుకి బారకో ముడి ఉండేది, అవన్నీ వాళ్ళ నాన్న వేసినవట. రోజూ ముళ్ళు లెక్కపెట్టి నీళ్ళెంత లోతున ఉన్నాయో చూసుకునేది. నా టేపు చూసి ఒకసారి నవ్వింది. స్పానిష్ వచ్చిన మా డ్రిల్లర్ సార్జెంటు చెప్పాడు: "మీ ఇద్దరిదీ ఒకే జాబ్ అంటోంది." కంచె మీదుగా ఆమెకి సుద్దముక్క ఇచ్చాను. అప్పట్నుంచి పొద్దున్నే తాడుకి సుద్ద రుద్ది, చూసి, వేళ్ళతో లెక్క చూపించేది. నా రీడింగు పక్కనే ఆమెదీ రాసుకునేవాణ్ణి.

జూన్ అంతా రెండు నీటిమట్టాలూ కలిసి దిగాయి. జులైలో మా పంపు చెడి రెండు రోజులు ఆగింది. ఆమె బావిలో అర బార నీళ్ళు పెరిగాయి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూశాను. రీడింగుల పుస్తకం పట్టుకుని లెఫ్టినెంట్ దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఫాల్ట్ ఆగలేదు. ఆ బావీ మన బోరూ ఒకే లైన్ మీద ఉన్నాయి. మనం లాగేది ఆమె నీళ్ళే."

"ఆ బావి మన షీట్‌లో ఉందా?"

"లేదు సార్. మ్యాపు అంతవరకు లేదు."

చెడ్డవాడు కాదు, పైవాళ్ళకి రేడియో చేశాడు. జవాబు నా ముందే వచ్చింది: "నీళ్ళు వస్తున్నాయా? వస్తే కంటిన్యూ చేయండి. ఓవర్."

బయటికొచ్చాక సార్జెంటు అన్నాడు: "గీత ఆపింది నువ్వే కదా కార్పొరల్. ఇప్పుడు ఎవరు వింటారు?"

కొన్నాళ్ళు క్యాన్లతో నీళ్ళు కంచె దాటించాం. వద్దని ఆర్డర్ వచ్చింది. మేకలు ఇరవై కాస్తా ఆరయ్యాయి.

అక్టోబరులో పంపును బెటాలియన్‌కి అప్పగించాం. బయలుదేరే రోజు పొద్దున ఆరింటికి నా చివరి రీడింగు తీసుకున్నాను. అవతల ఆమె తాడు కొసకి రాయి కట్టి, సుద్ద రుద్ది, ముళ్ళన్నీ అయ్యేదాకా వదిలింది. పైకి లాగింది. కంచె దగ్గరికి వచ్చి, మిగిలిన సుద్దముక్క నా అరచేతిలో పెట్టి ఏదో అంది.

"నీదే, నువ్వే ఉంచుకోమంటోంది," అన్నాడు సార్జెంటు. ట్రక్కు హారన్ కొట్టింది.

ఇంటికొచ్చేశాను. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, అన్నీ అయ్యాయి. ఆ ఎర్ర గీతను ఇంకో అంగుళం లాగి ఉంటే సరిపోయేదని ఇప్పటికీ ఏడుపొస్తుంది. కుళాయి తిప్పినప్పుడల్లా ఆ తాడే కనిపిస్తుంది. ఆ చివరి పొద్దున ఆమె దాన్ని రెండు చేతులతో కంచె మీద పరిచి చూపించింది. సుద్ద రుద్దినంత మేరా తెల్లగానే ఉంది.