స్టేజీ మీద ఆమె చేతులు

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో దిగిన కొత్తల్లో పనికి కుదిరిన మనిషి, మా ఇంట్లో తొమ్మిదేళ్లు చేసింది. నాకంటే రెండేళ్లు పెద్దది. అయినా నేను నువ్వు అనేదాన్ని, ఆమె మేడంగారూ అనేది. పొద్దున్నే కృష్ణలంక నుంచి నడిచొచ్చి అంట్లు, బట్టలు, ఇల్లు తుడవడం అన్నీ ముగించి, కూరలు కూడా తరిగిపెట్టి ఇంకో రెండు ఫ్లాట్లకి వెళ్లేది. నేను కాలేజీలో తెలుగు చెబుతాను, కవిత్వం రాస్తాను. ఆమె అవన్నీ చెయ్యబట్టే నాకు రాసుకునే తీరిక దొరికింది. అప్పట్లో అలా అనుకోలేదు.

సబ్బునీళ్లలో నాని నాని ఆమె చేతులు పాడైపోయాయి. వేళ్ల సందుల్లో చర్మం లేచిపోయి, అరచేతులు పగిలిపోయి ఉండేవి. చలికాలంలో గిన్నెలు తోముతుంటే నెత్తురొచ్చేది.

“గ్లౌజులు వేసుకోమంది డాక్టరమ్మ. ఒక జత తెచ్చిపెట్టండి మేడంగారూ” అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ సరేనన్నాను, మర్చిపోయాను.

ఆ చేతుల మీద కవిత మాత్రం రాశాను. పగుళ్లని డెల్టా కాలవలతో పోల్చాను. ఓర్పుకి అరచెయ్యంటూ ఉంటే ఇలాగే ఉంటుందని రాశాను. స్త్రీల శ్రమ మీద కవిసమ్మేళనం పెడుతున్న పెద్దాయనకి అది తెగ నచ్చింది. “ఆవిణ్ణి కూడా తీసుకురండి మేడం, సభకి నిండుదనం వస్తుంది” అన్నాడు.

“ఆదివారం ప్రార్థనుందండీ” అంది ఆమె.

“ఒక్క వారం మానితే ఏం కాదులే.”

చర్చికి కట్టుకునే తెల్ల చీరలోనే వచ్చి చివరి వరసలో కూర్చుంది. నేను చదివాను. చప్పట్లు చాలాసేపు మోగాయి. అప్పుడా పెద్దాయన ఆమెని వేదిక మీదకి పిలిచాడు. ఆమె నా వంక చూసింది. రమ్మని చెయ్యి ఊపాను. “చేతులు చూపించమ్మా” అని మైకులో అడిగితే, ఏం చెయ్యాలో తెలియక నమస్కారం పెట్టింది. ఆయన ఆమె మణికట్లు పట్టుకుని, చేతులు విడదీసి, అరచేతులు జనం వైపు తిప్పాడు. అందరూ ఫోన్లు పైకెత్తారు. నేనూ ఫోటో తీశాను.

భోజనాల దగ్గర అంట్లు తోమే మనిషి రాలేదు. “మీ మనిషుందిగా” అన్నారెవరో. “కాస్త చూడు” అని ఆమెకి చెప్పాను. చప్పట్లు కొట్టినవాళ్లే తిన్న ప్లేట్లు తెచ్చి ఆమె పక్కన పెట్టి వెళ్తున్నారు. నేను పూర్ణంబూరె తింటూ చూశాను.

మూడోరోజు గిన్నెల ముందు కూర్చోకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది.

“సభ పెట్టిన పెద్దాయన ఫోన్లో పెట్టిన ఆ వీడియో తీసేయించండి మేడంగారూ. మా పిల్ల కాలేజీలో అందరి ఫోన్లలోకీ వచ్చేసిందంట. ఇంక వెళ్లనంటోంది.”

“అందులో సిగ్గుపడాల్సిందేముంది? నిన్ను అంతమందిలో గౌరవించారు.”

“గౌరవమా అండీ? సంతలో గేదె నోరు తెరిచి పళ్లు చూసినట్టు చూశారు.”

“నీకు కవిత్వం అర్థం కాదులే.”

“మీరు చదివింది బాగానే అర్థమైందండీ. నాకెక్కడ మంట పుడతందో మీకు అంతా తెలుసు. తెలిసి కూడా గ్లౌజులు తేలేదు.”

ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. “రేపట్నుంచి రావద్దు” అన్నాను. ఆమె బతిమాలలేదు, అరవలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. సాయంత్రం లిఫ్టు దగ్గర ఆ రెండు ఫ్లాట్లవాళ్లు కనబడి, ఎందుకు మాన్పించారని అడిగారు. “నోరు బాగా పెరిగింది. మీరూ జాగ్రత్త” అన్నాను. నెల తిరక్కుండా ఆ రెండిళ్లూ పోయాయి. బస్టాండు దగ్గర హోటల్లో ప్లేట్లు కడుగుతోందని వాచ్‌మన్ చెప్పాడు. వీడియో తీసేయమని ఆ పెద్దాయనకి ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చెయ్యలేదు. పుస్తకం వేసినప్పుడు అట్ట మీదికి ఆమె చేతుల ఫోటో కూడా నేనే ఇచ్చాను.

పోయినేడు మంగళగిరి చీరల షాపుకి వెళ్లాను. కౌంటర్ వెనక ఆమె కూతురు. చిన్నప్పుడు సెలవుల్లో తల్లితో వచ్చి మా హాల్లో బొమ్మలు గీసుకునేది. నన్ను గుర్తుపట్టింది. చేతిలో మడతపెడుతున్న చీర అలాగే ఆగిపోయింది.

“చదువు మానేశావా? అమ్మ ఎలా ఉంది?”

“ఏ రంగు చూపించమంటారండీ?” అంది.

మళ్లీ అడిగాను. ఆ పిల్ల పక్కనున్న అమ్మాయిని పిలిచి, “ఈవిడకి చూపించు” అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి వరసగా చీరలు పరిచింది. ఆకుపచ్చది తీసుకుని ఇంటికొచ్చాను.