ఎదిగే పిల్లకి ఎత్తు రింగులు

మా ఆయన ఏది కొన్నా ఒక సైజు పెద్దదే కొనేవారు. అమ్మాయికి చలికోటు తెస్తే చేతులు మడతపెట్టాలి, బూట్లు తెస్తే ముందు దూది కుక్కాలి. అదేమిటండీ అంటే ఎదిగే పిల్ల కదా అనేవారు. తీరా ఆ కోటు సరిపోయేనాటికి మోచేతుల దగ్గర చిరిగిపోయి ఉండేది. ఊళ్లో ప్రతి పేషెంటుకీ బరువు చూసి మరీ మందు రాసే డాక్టరుకి, సొంత కూతురి కొలత మాత్రం ఎందుకు అందదో నాకు అర్థమయ్యేది కాదు.

ఎనభైల మొదట్లో మేము టెక్సాస్‌లో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. అక్కడ జింకల వేట సీజన్ మొదలైన రోజు సగం ఊరు ఖాళీ అయ్యేది. మా అమ్మాయి హైస్కూల్లోకి వచ్చింది. దానితోపాటు మౌనం కూడా వచ్చింది. నాతో పోట్లాటైనా ఉండేది కానీ, తండ్రితో "ఓకే", "ఫైన్" తప్ప మూడో మాట లేదు. ఆయన ఆసుపత్రి నుంచి రాగానే మూసి ఉన్న దాని గది తలుపు దాకా వెళ్లి, ఒక్క క్షణం నిలబడి, వెనక్కి వచ్చేవారు. "ఏమంటోంది?" అని నన్నడిగేవారు. పక్క గదిలో ఉన్న పిల్ల క్షేమసమాచారాలు నేను మోసుకురావాలన్నమాట. ఒళ్లు మండేది, జాలీ వేసేది.

అలాంటి పిల్ల ఒకరోజు తనంతట తానే ఆయన దగ్గరికి వచ్చి, వేట నేర్పే క్లాసు పూర్తిచేశానని, ఫ్రెండ్స్ అందరూ వాళ్ల నాన్నలతో వెళ్తున్నారని, నువ్వు నాతో వస్తావా అని అడిగింది. జన్మలో తుపాకీ ముట్టని మనిషి, అది మాట పూర్తిచెయ్యకముందే సరేనన్నారు. పెళ్లిచూపుల నాడు కూడా ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

ఆయన పేషెంటు ఒకాయన తన కూతురు చిన్నప్పుడు వాడిన పొట్టి రైఫిల్ ఇచ్చాడు. అది మా అమ్మాయికి అచ్చంగా సరిపోయింది. ఇక కొనవలసింది దూరం చూసే స్కోపూ, దాన్ని తుపాకీ మీద బిగించే రింగులూ. ఆ రింగులు మూడు ఎత్తుల్లో ఉంటాయి. షాపులో మా అమ్మాయి క్లాసులో నేర్చుకున్నది చెప్పింది. స్కోపు ముందుభాగం తుపాకీ గొట్టానికి తగలకుండా, తూటా ఎక్కించే పిడి, అదే బోల్టు, ఎత్తితే అడ్డుపడకుండా ఉంటే చాలు, వీలైనంత కిందికి ఉండాలట. అప్పుడే చెంప తుపాకీ వెనకభాగపు చెక్కకి ఆనుతుంది, కన్ను సరిగ్గా స్కోపు అద్దం వెనక్కి వస్తుంది. ఆయన అంతా శ్రద్ధగా విని, అన్నిటికంటే ఎత్తువి తీసుకున్నారు. వచ్చే ఏడాదికి పిల్ల మెడ సాగుతుందట, ఎప్పటికైనా పెద్ద స్కోపు కొంటే దానికి ఈ ఎత్తు పనికొస్తుందట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అమ్మాయి "ఓకే" అని ఊరుకుంది.

ఆ ఆదివారం అదే పేషెంటు పచ్చికబీడులో గురి సరిచూసుకోవడానికి బయల్దేరారు. పులిహోర డబ్బా పట్టుకుని నేనూ వెళ్లాను. బల్ల మీద ఇసుకసంచీ, దాని మీద తుపాకీ. పిల్ల తల వంచితే చెంప గాల్లోనే ఉంది, గడ్డం మాత్రం ఆనింది. అద్దంలో ఒకసారి ఈ పక్క నలుపు, ఒకసారి ఆ పక్క నలుపు. బొమ్మ దొరక్క మెడ చాచి చాచి ముందుకి జరిగి కాల్చింది. తుపాకీ వెనక్కి తన్నింది. స్కోపు అంచు కనుబొమ మీద కొట్టింది. రక్తం చూసి నేను పెట్టిన కేక అవతలి పొలాలకి కూడా వినిపించి ఉంటుంది. ఆసుపత్రికి తీసుకెళ్లి కుట్లు ఆయనే వేశారు.

ఇంటికి వచ్చేటప్పుడు వెనక సీట్లోంచి అది నెమ్మదిగా అంది, "నాన్నా, నాకు వద్దు. ఐ యామ్ డన్."

రైఫిల్ బీరువాలోకి పోయింది. సీజను దగ్గరపడుతోంది. ఆయన అన్నం కెలికి లేచిపోయేవారు. పిల్ల జడుసుకుందని ఆయన అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. గాయానికి మందు రాస్తూ అదే మాట దాన్ని అడిగాను.

"గన్ అంటే నాకు భయం లేదమ్మా. టూ హై అని ముందే చెప్పాను కదా. నాన్న ఎప్పుడూ ఇప్పుడున్న నాకు కొనడు. నెక్స్ట్ ఇయర్ ఉండబోయే నాకు కొంటాడు."

తిన్నగా హాల్లోకి వెళ్లి ఆయన చేతిలో పేపరు లాగేశాను.

"ఏమండీ, ఎదగబోయే పిల్లని చూసుకుంది చాలు. ఇవాళ్టి పిల్ల ఆ గదిలో ఉంది. అది పెరిగిపోయేలోపు ఒక్కసారి దాన్ని చూడండి" అన్నాను. అది చెప్పిందంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

మర్నాడు పెందలాడే ఇంటికి వచ్చారు. దాని గది దాకా వెళ్లి, ఈసారి తలుపు తట్టారు.

"అమ్మలూ, నువ్వు చెప్పినవే తెచ్చాను, పొట్టివి. నువ్వు పక్కనుండి చెప్తేనే బిగిస్తాను."

తలుపు తెరుచుకోవడానికి కాస్త సమయం పట్టింది. కానీ తెరుచుకుంది.

భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, తుపాకీ ఖాళీగా ఉందని నాకు చూపించి, ఇద్దరూ పనిలో పడ్డారు. అది చెప్పడం, ఈయన బిగించడం. స్కోపుకీ గొట్టానికీ మధ్య కాగితం ముక్క దూర్చి చూశారు, అది దూరింది. బోల్టు ఎత్తి చూశారు, ఎక్కడా తగల్లేదు. మళ్లీ కంటికి తగలకుండా స్కోపును ముందుకి జరిపారు. అప్పుడు అమ్మాయి కళ్లు మూసుకుని, చెంప చెక్క మీద వాల్చి, కళ్లు తెరిచింది. మెడ చాచలేదు, కదల్లేదు.

"నాన్నా, ఫుల్ సర్కిల్. నేనేం చెయ్యకుండానే కనిపిస్తోంది" అంది.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని దాని చెంపకీ చెక్కకీ మధ్య వేలు పెట్టబోయారు. వేలు దూరలేదు. ఆ మనిషి ముఖం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

గాయం మానిన తర్వాత గురి సరిచూసుకుని, సీజను మొదటిరోజు తెల్లవారుజామున ఇద్దరూ వెళ్లారు. మధ్యాహ్నం దాటాక ఖాళీ చేతులతో వచ్చారు. జింక అందేంత దగ్గరికి రాలేదట. అయినా గరాజులోంచే నవ్వులు వినిపించాయి. ఆకలి ఆకలి అంటూ గిన్నెలు ఖాళీచేశారు.

అమ్మాయి స్నానానికి వెళ్లాక, అన్ని గంటలు వేట మంచె మీద కూర్చుని ఏం మాట్లాడుకున్నారని ఆయన్ని అడిగాను. ఆసుపత్రిలో ఈగ వాలినా ఇంటికొచ్చి నాకు చెప్పే మనిషి ఆయన.

"అది మా ఇద్దరి మధ్య సంగతిలే" అన్నారు.

నాకు కాస్త కుళ్లు పుట్టింది. అయినా ఇంకో గరిటె పప్పు ఆయన కంచంలో వేసి, మళ్లీ అడగలేదు.