హాస్టల్ ఆంటీకి శాలువా

ఆ రోజుల్లో నాకు లోకం మీద కోపం ఉండేది కాదు, జాలి ఉండేది. చదువు పూర్తయిన కొత్తలో చాలామందికి వచ్చే జబ్బే అది, ఉద్యోగంలో చేరాక దానంతట అదే నయమవుతుంది. ఎల్బీనగర్‌లో కింద బైకుల షోరూమూ, మధ్యలో పెళ్లిళ్ల హాలూ ఉన్న భవనంలో పై రెండంతస్తులు మా కాలేజీ. అక్కడ ఆక్యుపేషనల్ థెరపీ పిల్లలకు మానసిక ఆరోగ్యం పాఠం చెప్పడానికి నన్ను తీసుకున్నారు. (ఈ చదువేమిటని మా మేనత్త ఇప్పటికీ అడుగుతుంది. జబ్బుపడి లేచిన మనిషి మళ్లీ వంట, బస్సు ప్రయాణం, ఉద్యోగం లాంటి తన పనులు తాను చేసుకునేలా తయారు చేయడం అని చెబుతాను. "ఇంజెక్షన్ వేస్తారా?" అంటుంది. వెయ్యం అంటే, "అయితే డాక్టరువి కాదన్నమాట" అని టీవీ వైపు తిరుగుతుంది.) కింద హాల్లో బ్యాండు మోగుతుంటే పైన నేను గొంతు చించుకుని చెప్పే పాఠం పేరు రికవరీ. "రికవరీ అంటే జబ్బు ఆనవాలు లేకుండా పోవడం కాదు. జబ్బు కాస్త మిగిలున్నా, మనిషి తనకు నచ్చిన బతుకు తాను బతకడం. ఆ బతుకేమిటో చెప్పాల్సింది ఆ మనిషే, మనం కాదు." పిల్లలు ఈ మాట కింద గీత గీసుకునేవాళ్లు. ఒకమ్మాయి రెండు రంగుల్లో గీసేది. ఆ అమ్మాయిని అందరూ టాపర్ అనేవాళ్లు. ఇంకొకటి కూడా నేర్పాను. రోగి ఏ చిన్న పని సాధించినా చప్పట్లు కొట్టి మెచ్చుకోవాలని. నేర్పకుండా ఉంటే బాగుండేది.

ప్రాక్టికల్స్ కోసం పిల్లల్ని దగ్గర్లోనే ఉన్న ఒక డే కేర్ సెంటర్‌కి తీసుకెళ్లేదాన్ని. మానసిక జబ్బుల నుంచి తేరుకుంటున్నవాళ్లు పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయే చోటు అది. అక్కడ వచ్చినవాళ్లందరికీ ఒకటే బతుకు రాసిపెట్టి ఉండేది: కొవ్వొత్తులు పొయ్యడం, కాగితం కవర్లు అంటించడం. (ఊళ్లో కరెంటు పోవడం తగ్గిపోయింది కాబట్టి ఆ కొవ్వొత్తుల్ని ఏం చెయ్యాలో ఎవరికీ తెలిసేది కాదు. మా స్టాఫ్ రూములో రెండు అట్టపెట్టెల నిండా ఉండేవి.) ఆ కవర్లు అంటించేవాళ్లలో నలభై దాటిన ఒకావిడ ఉండేది. ఆవిడ్ని అందరూ పెద్దక్క అనేవాళ్లు. చాలా ఏళ్లు చెవుల్లో లేని మాటలు వినిపించే జబ్బుతో నలిగి, నాలుగుసార్లు దవాఖానలో ఉండి, మందులతో నిలదొక్కుకుంది. మా టాపర్ ఆవిడ ముందు కూర్చుని, నేను నేర్పిన ప్రశ్నే అడిగింది: "అక్కా, మీకు ఎట్ల బతకాలని ఉంది?"

పెద్దక్క కవరు పక్కన పెట్టి, "హాస్టల్ల ఉండాల్నని ఉంది" అంది. టాపర్ నా వైపు చూసింది. ఈ జవాబు పుస్తకంలో లేదు. "తుర్కయంజాల్ల మా తమ్ముని ఇంట్ల ఉంటున్న. తమ్ముడు మంచోడే, మరదలు గూడ మంచిదే. కని రోజు రెండు పూటల గోలీలు చేతుల వెట్టి, మింగినంక నోరు తెరువమంటరు. నాలిక లేపమంటరు. పిల్లల ముంగట, చుట్టాల ముంగట. నాకు గంతే మేడం. గోలీ నేనే ఏస్కుంట, నోరు ఎవ్వలకు సూపియ్య. గసొంటి జాగల ఒక్క మంచం దొరికితె చాలు." పాఠం చెప్పే మనిషికి ఇంతకంటే ఏం కావాలి! ఆ రోజు ఇంటికి నడుస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మంచం వెతకడమే మా పాఠమైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు ఎన్నో, లేడీస్ హాస్టళ్లు అంతకు రెట్టింపు. అడ్వాన్స్ ఎలా మాట్లాడుకోవాలి, ముగ్గురున్న గదిలో ఎలా సర్దుకోవాలి, టిఫిన్ లైన్లో ముందుకు తోసుకొచ్చే పిల్లని ఏమనాలి, అన్నీ క్లాసులో నాటకం వేసి మరీ సాధన చేయించాం. (తోసుకొచ్చే పిల్లగా నేనే నటించాను. పెద్దక్క నన్ను జబ్బ పట్టి పక్కకి లాగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.) కోచింగ్ మెటీరియల్ జిరాక్స్ తీసే షాపులో ఆవిడకి స్పైరల్ బైండింగ్ పనీ దొరికింది. వారం తిరక్కుండా హాస్టల్లో కిటికీ పక్క మంచమూ దొరికింది. హాస్టల్ నడిపే ఆంటీది మా కోస్తా వైపే. మనిషి మంచిది, పప్పు పలచన. వచ్చినవాళ్ల ఆధార్ కార్డు, అడ్వాన్సు తప్ప మరేం అడగదు. మేమూ మరేం చెప్పలేదు. చెప్పాలో వద్దో తేల్చుకోవాల్సింది పెద్దక్కే. అది కూడా నా పాఠంలో ఉంది.

నెల తర్వాత జిరాక్స్ షాపుకి వెళ్తే, పెద్దక్క నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించింది. "మేడం, నాకు జర పరేషాన్ అయితుంది. గా హాస్టల్ పోరిలకు బాగ లేదు. ఒగామె పొద్దుగాల్నే గోడకు రాజ్యాంగం ఒప్పజెప్తది. ఇంకొకామె డాబ మీద అటిటు తిరుక్కుంట తనల తానే మాట్లాడుకుంటది. మా రూముల పొల్ల నిద్ర రావొద్దని బకెట్ల నీళ్లు వోసుకోని కాళ్లు వెట్టి సదువుతది. నాకు చెవుల మాట ఇనవడితె నేను సప్పుడు జెయ్యకుంట ఊకుంట గదా, వీళ్లు జవాబు గూడ చెప్పుకుంటుండ్రు." వాళ్లంతా గ్రూప్ టూకో, పోలీసు ఉద్యోగానికో చదువుతున్నారని చెప్పాను. "గది నాకెరికే. నన్ను గూడ అడిగిండ్రు, అక్కా నీది గ్రూప్ టూ నా, ఎన్నో అటెంప్ట్ అని. నాలుగు అయిపోయినయ్ అన్న. పాపం, చాయ తాపిచ్చిండ్రు" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ నవ్వడం చూసింది అదే మొదటిసారి. ఆ హాస్టల్లో ఎవరూ ఎవరినీ వింతగా చూసేవాళ్లు కాదు, అందరికీ ఎవరి సిలబస్ వాళ్లకే సరిపోయేది.

ఇక మా ప్రిన్సిపాల్ గారి గురించి చెప్పాలి. కాలేజీ వాటర్ కూలర్ బాగుచేయించినా ఫ్లెక్సీ కట్టించే మనిషి. అందుకే పిల్లలు ఫ్లెక్సీ సార్ అనేవాళ్లు. పెద్దక్కని చూసి రావడానికి ఒక ఆదివారం ఇద్దరు పిల్లల్ని వెంట తీసుకెళ్లాలనుకున్నాను. బయటకి తీసుకెళ్లాలంటే ఆయన అనుమతి కావాలి కాబట్టి, ఎక్కడికో ఎందుకో చెప్పక తప్పలేదు. అంతా విని ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అద్భుతం మేడం!" అన్నారు. పిల్లలకి నేను మాత్రం మరీమరీ చెప్పాను: తెల్లకోట్లు వద్దు, చుట్టాల్లా వెళ్దాం, జామకాయలు నేను తెస్తాను అని.

ఆదివారం పొద్దున జామకాయల సంచితో నేను ఆటో దిగేసరికి, హాస్టల్ సందులో మా కాలేజీ బస్సు అడ్డంగా ఆగి ఉంది. క్లాసు క్లాసంతా దిగుతోంది, అందరూ తెల్లకోట్లే, జేబు మీద ఎర్రదారంతో 'మానసిక ఆరోగ్య విభాగం'. త్వరలో జరగబోయే కాలేజీ ఇన్‌స్పెక్షన్‌కి ఫొటోలు కావాలి, కోట్లు లేకపోతే ఫొటోలో మనవాళ్లని ఎలా తెలుస్తుందని సార్ రాత్రే అందరికీ మెసేజ్ పెట్టారట. నాకు మాత్రం రాలేదు. హాస్టల్ గేటుకి అప్పటికే ఫ్లెక్సీ కట్టేశారు: 'మానసిక రోగులను చిన్నచూపు చూడకండి'. కింద సార్ ఫొటో. నేను సంచి పట్టుకుని పరిగెత్తాను. "సార్, ఆంటీకి తెలీదు. ఎవరికీ తెలీదు" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, "తెలియనివాళ్లకి తెలియజెప్పడమే కదమ్మా అవగాహన అంటే" అన్నారు.

ఆ తర్వాత తన చేతిసంచిలోంచి శాలువా తీశారు. ఆంటీ పిండి చేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికొచ్చింది. కోచింగ్ పిల్లలు పుస్తకాల్లో వేళ్లు పెట్టుకుని మెట్ల మీద నిలబడ్డారు. సార్ గొంతు సవరించుకుని, "ఎందరో తలుపులు మూసేస్తున్న ఈ రోజుల్లో, ఒక మానసిక రోగికి ఆశ్రయమిచ్చిన ఈ మాతృమూర్తిని సత్కరించుకోవడం మా అదృష్టం" అంటూ ఆవిడ భుజాల మీద శాలువా కప్పేశారు. ఆంటీ అలవాటుగా దణ్ణం పెట్టింది. పెట్టాక అడిగింది, "ఎవరండీ? ఏ రూమండీ?"

పెద్దక్క అప్పుడే తలంటుకుని, తలకి తువ్వాలుతో మెట్ల మీదికి వచ్చింది. టాపర్ ముఖం వెలిగిపోయింది. "గామెనే సార్! మా పెద్దక్క!" అంది. నిజంగా ప్రేమతోనే అంది, ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా రాలేదు. వెంటనే క్లాసంతా చప్పట్లు కొట్టింది. నేనే కదా నేర్పాను, చక్కగా, ఒక్క లయలో కొట్టారు. "రామ్మా, ఫొటోకి నవ్వు" అన్నారు సార్. పెద్దక్క వచ్చి ఆంటీ పక్కన నిలబడింది. నా వైపు ఒక్కసారే చూసింది. నా చేతిలో జామకాయలు ఉన్నాయి.

మర్నాడు ఆ ఫొటో పేపర్లో పడింది. గోప్యత కోసమని పెద్దక్క ముఖం మసక చేసి, కింద హాస్టల్ పేరూ సందు పేరూ తప్పుల్లేకుండా వేశారు. ఆంటీ వెళ్లగొడుతుందనుకున్నాను. ఎలా వెళ్లగొడుతుంది, సన్మానం అందుకుంది కదా! పైగా శాలువాతో ఉన్న ఫొటో ఫ్రేము కట్టించి ఆఫీసు గదిలో దేవుడి పటాల సరసన పెట్టింది. వెళ్లగొట్టి ఉంటే పోట్లాడేదాన్ని. ఆవిడ దయ చూపడం మొదలుపెట్టింది. బకెట్లో కాళ్లు పెట్టుకుని చదివే పిల్ల మంచం పైగదికి మారింది, అదే గదిలోని ఇంకో అమ్మాయిని వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లాడు. గోడకి రాజ్యాంగం ఒప్పజెప్పే పిల్ల, పెద్దక్క పక్కన కూర్చుంటే చదువు మీద ధ్యాస కుదరట్లేదని చెప్పిందట. వారం గడిచాక ఒక రాత్రి, భోజనాల లైన్లో, అందరి ముందూ, ఆంటీ గరిట పక్కన పెట్టి ఎంతో ముద్దుగా అడిగింది: "ఏమ్మా, మందేసుకున్నావా? ఏదీ, ఒక్కసారి నోరు తెరు తల్లీ, నా బంగారం కదూ!"

పెద్దక్క కంచం అక్కడే పెట్టేసి, పైకెళ్లి పెట్టె సర్దుకుంది. ఈ సంగతి నాకు ఆంటీయే ఫోన్ చేసి చెప్పింది, గొంతులో నిజమైన బాధతో. "నేనేమన్నానని మేడం? కన్నకూతురిలా చూసుకున్నాను" అంది. నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. అప్పుడొచ్చిన కోపం మళ్లీ పోలేదు. ఆ ఏడాది ఇన్‌స్పెక్షన్ దివ్యంగా జరిగింది. వచ్చినవాళ్లు ఫొటోలు చూసి సార్‌ని మెచ్చుకున్నారు, సార్‌కి కూడా ఎక్కడో శాలువా కప్పారు.

పెద్దక్క తుర్కయంజాల్ తిరిగి వెళ్లిపోయి ఉంటుందనుకుని, ధైర్యం చేసి జిరాక్స్ షాపుకి వెళ్లాను. అక్కడే ఉంది, కాగితాలకి చిల్లులు పొడుస్తోంది. నేను నోరు విప్పేలోపే, "ఇంకో హాస్టల్ దొరికింది మేడం" అంది. హమ్మయ్య అనుకుని, ఎక్కడ అని అడిగాను. పొడిచే పని ఆపింది.

"చెప్ప."

"నాకు కూడానా పెద్దక్కా?"

"మీరు మంచోళ్లు మేడం. మా తమ్ముడు మంచోడు, గా ఆంటీ మంచిది, మీ పోరి గూడ మంచిదే. గందుకే చెప్ప. మీకు చెప్తె మీ ఎనక శాలువ ఒస్తది. బయట కనవడితె గూడ పలకరియ్యకుండ్రి."  నేను బోర్డు మీద రాసి గీత గీయిస్తున్న పాఠాన్ని ఆవిడ నాకు అప్పజెప్పి, మళ్లీ కాగితాల్లో పడింది.

ఇప్పటికీ నేను అదే పాఠం చెబుతున్నాను, కింద బ్యాండు మోగుతూనే ఉంటుంది. ఫ్లెక్సీ సార్ ఇంకా పెద్ద కాలేజీకి వెళ్లారు, టాపర్ ఎక్కడో నాలాగే పాఠాలు చెబుతోంది. మొన్న సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే, కింద పానీపూరీ బండి దగ్గర పెద్దక్క కనిపించింది. జుట్టు నెరిసింది, పక్కన పుస్తకాల సంచులతో ఇద్దరమ్మాయిలు. నేను మాట ప్రకారం పిల్లరు వైపు తిరిగి, దాని మీదున్న కోచింగ్ ప్రకటన చదవడం మొదలుపెట్టాను. అయినా ఓరకంట చూడకుండా ఉండలేకపోయాను. ఆవిడా నన్ను చూసింది. చేతిలో నీళ్లు కారుతున్న పూరీ ఎత్తి పట్టుకుని, సరిగ్గా నా వైపు తిరిగి, నోరు ఇంత పెద్దగా తెరిచింది. ఒక్క క్షణం అలాగే ఉంచి, నాలుక కూడా లేపి చూపించింది. తర్వాత పూరీ లోపల పెట్టుకుని, నోరు మూసేసి, బుగ్గలు పొంగేలా నములుతూ అటు తిరిగిపోయింది.

పాతికేళ్ల ఆ లెక్చరరమ్మ అయితే అక్కడే చప్పట్లు కొట్టేసేది, పిచ్చి మొహంది. నాకూ కొట్టాలనే అనిపించింది. చేతులు రెండూ హ్యాండ్‌బ్యాగులోకి తోసేసి, ప్రకటన మొదటి నుంచి మళ్లీ చదివాను.