ఎడమ చేతికి సంచి

రిటైర్ అయ్యే ముందు ఆఖరి మూడేళ్లు రాయచూరుల ఒక ప్రైవేటు దవాఖానల సీనియర్ ఫిజియోథెరపిస్టుగ పని చేసిన. మొదటి సంవత్సరం మార్చి నెలల రాఘవయ్య శెట్టి ఫైలు నా టేబుల్ మీదికొచ్చింది. దాని మీద పెద్ద డాక్టరు రాసిండు: పక్షవాతమొచ్చి ఏడు నెలలైంది, ఇక మెరుగు రాదు, చికిత్స ఆపవచ్చు. ఆయన రాసినంక నేను సంతకం పెట్టి ఫైలు మూసుడే పద్ధతి. నేను పెట్టలే.

శెట్టికి గంజ్ బజార్ల కిరాణా దుకాణం. పక్షవాతమొచ్చి కుడి చెయ్యి పడిపోయింది. నేను పట్టి చూస్తే మణికట్టు కొంచెం లేస్తున్నది, రెండు వేళ్లు కదులుతున్నయి. నాకు అంత చాలు. శెట్టి ఒక్కటే అడిగిండు: "మళ్ల దుకాణంల కూసుంటనా లేదా? అది చెప్పు డాక్టరమ్మా."

ఇప్పుడే కూసోవచ్చు కద అంటే ఆయన భార్య కమలమ్మ నా మీదికే లేచింది. "అయ్యో, గిరాకీకి ఎడమ చేత్తో సామాన్ ఇస్తరా ఎవరన్న? పానం పోయినా ఇయ్యడు." కుడిది రాదు, ఎడమతోని ఇయ్యడు. ఇంట్ల కూసోబెట్టి అన్నం కలిపి ఆమెనే నోట్ల పెడుతున్నది.

నరాల కణాలు పని చేసేటప్పుడు మెదడుల ఒక ప్రోటీన్ విడుదలైతది. పుస్తకాలల వృద్ధికారకం అంటరు. అది ఉంటే ఒక కణం పంపిన కబురు పక్క కణానికి జల్ది అందుతది, మళ్లమళ్ల పోయిన దారి గట్టిపడతది. పని లేకపోతే ఆ దారి బలహీనపడతది. ఇదంత చెప్తే శెట్టి కొడుకు, ఆ ప్రోటీన్ ఇంజెక్షన్ బెంగళూరుల దొరుకుతదా అని అడిగిండు. నాకు ఒళ్లు మండింది. "బయటి నుంచి పొడిస్తే మెదడుకు సరిగ చేరదు. మీ నాయన చెయ్యి పని చేస్తేనే మెదడు దాన్ని తయారు చేసుకుంటది. మీరంత ముద్దు చేసి ఆ చెయ్యిని చంపుతున్నరు!"

పెద్ద డాక్టరును ఆరు వారాల గడువు అడిగిన. ఏడు నెలలు దాటినంక నరాలు మాట వింటయా అని నవ్విండు. ఫైలు మూయను సార్, నోటీసిస్తే ఇయ్యండి అని వచ్చేసిన.

శెట్టి ఎడమ చేతికి గుడ్డ సంచి తొడిగి మణికట్టు కాడ కట్టిన. నడిచేటప్పుడు, స్నానానికి విప్పాలె, మిగతా పొద్దంత ఉండాలె. పగటన్నం రోజూ దవాఖానల నా ముందరనే. "ఎడమతోని ఇయ్యనని పట్టు పట్టినరు కద శెట్టిగారూ, అన్నం కాడ కూడ అదే పట్టు పట్టుండ్రి" అన్న. మూడు రోజులు అన్నమంత బనీను మీదనే. కమలమ్మ ఏడిస్తే బయటికి పంపిన. ఆయన నన్ను కన్నడంల, ఉర్దూల తిట్టిండు. తిట్టనిచ్చిన. అన్నం కాంగనే కాగితం, దారం, జీలకర్ర ముందర పెట్టిన. ఇప్పిన పొట్లమే మళ్ల కట్టుడు, రోజుకు ఎన్నిసార్లో.

ఆ ప్రోటీన్ ఎంత పెరిగిందో కొలిచే మిషన్ మా దగ్గర లేదు. నేను పొట్లాన్నే చూసిన. ఆరో వారం, వంకరదే గాని జారని పొట్లం ఒకటి శెట్టి కుడి చేత్తోనే నా చేతుల పెట్టిండు. తీస్కపోయి పెద్ద డాక్టరు టేబుల్ మీద, ఆ ఫైలు మీదనే పెట్టిన.

ఎవరు కట్టిండ్రు ఇది అన్నడు.

"మెరుగు రాదని మీరు రాసిన చెయ్యి సార్."

ఆయన పాత వాక్యం కొట్టేసి, కొనసాగించాలని రాసి సంతకం పెట్టిండు.

శెట్టి చెయ్యి పూర్తిగ రాలే. బస్తా లేపలేడు, రాత వంకర. కాని దుకాణం తెరిచి కూసున్నడు. నేను నేర్చుకున్నది ఇంతే: ఫైలు మూసే తారీఖు మనం రాసుకుంటం, మెదడుకు అది తెల్వదు. రెండు వేళ్లు కదులుతున్నంత కాలం ఆ రెంటికీ పని ఇయ్యాలె.